ఓనమాలలో మరచిన గుర్తు

విజయదశమినాడు గాని, వసంతపంచమినాడు గాని బియ్యపు పళ్ళెమును ముందుంచుకొని కూర్చున్న పసివానిని మనమందరమును చూచియుందుము. బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిని అక్షరాభ్యాసము చేయించుటకై తల్లిదండ్రులు ఎంతెంత దూరములనుండియో వచ్చుచుందురు. గురువుగారు ఆ చిన్నివ్రేలు పట్టి బియ్యములో మొట్టమొదట వ్రాయించునవి అ, ఆలు కావు. ‘ఓం నమః శివాయ సిద్ధం నమః’ అని వ్రాయించిన పిమ్మటనే అక్షరములు. ఆ మొదటి మాటలనుండియే మన భాషలో ‘ఓనమాలు’ అను పదము పుట్టినది. ఒక విద్యలో ఏమియు ఎరుగనివానిని గూర్చి ‘వానికి ఓనమాలైనను రావు’ అని అందుము.

ఇందులో శివునికి చేసిన నమస్కారము స్పష్టమే. కాని ‘సిద్ధం నమః’ అనగా నేమి? ఈ రెండవ నమస్కారము దేనికి? పిల్లవాడు అడుగడు; పెద్దలు చెప్పరు. వాడుకలో ‘ఓనమాలు’ నిలిచినవి, ‘సిద్ధం’ జారిపోయినది. ఉత్తరదేశపు పల్లెబడులలో ‘ఓనామాసీధం’ అను పలుకుబడిలో ఆ మాట కొంత రూపుమారి నిలిచినది. జారిపోయిన ఈ మాట కథను, ఆ మాటకు బదులుగా మన పూర్వులు గీసిన ఒక చిన్న గుర్తు కథను, ఆ గుర్తు నేటి కంప్యూటరు వ్రాతలోనికి ప్రవేశించిన విధమును ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

మొదట మాట సంగతి. పాణిని సూత్రములపై వార్తికములు రచించిన కాత్యాయనుడు తన మొదటి వార్తికమును సిద్ధశబ్దముతో ఆరంభించెను. అచ్చట ఆ శబ్దమునకు నిత్యమైనది అని అర్థము. నిత్యమైనది అని చెప్పదలచినవాడు ‘నిత్య’ శబ్దమునే వాడక ‘సిద్ధ’ శబ్దమును ఏల వాడెను అను ప్రశ్న క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దివాడైన పతంజలికి కలిగినది. మహాభాష్యమున ఆయన చెప్పిన సమాధానములలో ఒకటి ఇది: ఆచార్యుడు మంగళమును కోరినవాడు, ఇంత పెద్ద శాస్త్రమునకు ఆదిలో శుభము కలుగవలెనని ఈ శబ్దమును నిలిపెను. కనుక రెండువేల సంవత్సరములకు పూర్వమే ‘సిద్ధ’ శబ్దము వ్రాతకు మొదట నుండదగిన శుభశబ్దముగా పేరుపొందినదని తెలియుచున్నది.

కాతంత్ర వ్యాకరణము సంగతియు ఇట్టిదే. సాతవాహన రాజునకు ఆరు నెలలలో సంస్కృతము నేర్పుటకై శర్వవర్మ ఈ వ్యాకరణమును పొందెనని కథాసరిత్సాగరము చెప్పును. కథ కథయే కావచ్చును. కాని ఆ వ్యాకరణము మొదటి సూత్రములోని మొదటి పదము కూడ సిద్ధశబ్దమే. వర్ణమాల సిద్ధమైయున్నది, అనగా అది లోకమున స్థిరపడియేయున్నది, మేము క్రొత్తగా కల్పించినది కాదు అని దాని భావము. అక్షరములు నేర్చుకొనబోవు పిల్లవానికి ఇంతకంటె తగిన మొదటిమాట యేమి యుండును?

క్రీ. శ. 671లో చైనానుండి బయలుదేరి, 695లో స్వదేశమునకు మరలిన ఇత్సింగ్ అను బౌద్ధయాత్రికుడు మన దేశపు చదువులను గూర్చి వ్రాసెను. పిల్లలు ఆరవయేట ‘సిద్ధం’ అను మొదటి పుస్తకమును ఆరంభించి ఆరు నెలలలో ముగింతురని ఆయన వ్రాత. ఆ విధముగా మాట పుస్తకమునకు పేరయ్యెను. పుస్తకమునుండి లిపికి పేరయ్యెను. జపాను భిక్షువు కూకై చైనాలో చదువుకొని 806లో ఇంటికి మరలినపుడు తనతో కొనిపోయిన విద్యలలో ఈ లిపి యొకటి. నేటికిని అచ్చటి బౌద్ధాలయములలో మంత్రములను ఆ లిపిలో వ్రాయుదురు. వారు దానిని ‘షిట్టన్’ అందురు. మన ఓనమాలలోనుండి జారిపోయిన మాట జపానులో ఒక లిపి పేరుగా నిలిచియున్నదన్నమాట.

ఇక శాసనముల సంగతి. నాసికలోని మూడవ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన ప్రసిద్ధ శాసనమును తెలుగువారు ఎరుగుదురు. ఆమె మనుమడు పులుమావి యేలుబడిలో పందొమ్మిదవ సంవత్సరమున చెక్కిన ఆ శాసనము ‘సిద్ధం’ అను మాటతోనే ఆరంభమగును. అటుపిమ్మట మన నాగార్జునకొండ. ఇక్ష్వాకుల నాటి స్త్రీలు అచ్చట మహాచైత్యమునకు నిలిపిన ఆయకస్తంభముల మీద ప్రాకృతములో ‘సిధం’ అని మొదట చెక్కి, తరువాత బుద్ధునికి నమస్కారము, ఆ తరువాత దాతల వంశము, దానము చెప్పబడినవి. ఈ మాట ఆ వాక్యములలో దేనితోను అన్వయింపదు. కర్తయు కాదు, కర్మయు కాదు. ‘కార్యము సఫలమగుగాక’ అను కోరికను మాత్రము తెలుపుచు విడిగా నిలుచును.

ఒకే మాటను ప్రతి శాసనము నెత్తిన చెక్కి చెక్కి, కాలము గడచినకొలది అది మాటగా గాక గుర్తుగా మారినది. గుప్తరాజుల కాలమువచ్చుసరికి పెక్కు శాసనముల మొదట ‘సిద్ధం’ అను అక్షరముల చోట చుట్టతిరిగిన ఒక గీత కానవచ్చును. కొన్నిటిలో అది కుడివైపునకు తిరుగును, కొన్నిటిలో ఎడమవైపునకు. కొన్నిటిలో దానికి తోక యుండును, కొన్నిటిలో ఉండదు. రాతిమీదను, రాగిరేకుమీదను, తాటాకుమీదను ఈ గుర్తు శతాబ్దులపాటు సాగినది. మన భాషలో ఒక పనిని మొదలుపెట్టుటను ‘శ్రీకారము చుట్టుట’ అందుము గదా! వ్రాతకు మొదట శుభాక్షరమును నిలుపు అలవాటు మనలో ఎంత లోతుగా నాటుకొన్నదో ఆ పలుకుబడియే చెప్పును. తమిళులు నేటికిని ఉత్తరము పైభాగమున ‘పిళ్ళైయార్ చుళి’ అను చుట్టను గీయుదురు.

గుర్తుగా మారిన తరువాత ఒక చిక్కు వచ్చినది. దానిని చూచినవారు ఏమని చదువవలెను? క్రీ. శ. 1030 ప్రాంతమున మన దేశమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన అల్బెరూనీ ఈ ఆచారమును గమనించెను. హిందువులు తమ గ్రంథములను ఓంకారముతో మొదలుపెట్టుదురనియు, దానికై వారు వ్రాయు రూపము అక్షరములతో కూర్చినది కాదనియు, ఆ మాటకై కల్పించుకొన్న ఒక చిత్రమనియు ఆయన వ్రాసెను. అనగా ఆయన కాలమునకే, ఆయనకు చెప్పినవారికి, ఆ చుట్ట ‘ఓం’ అయినది. పందొమ్మిదవ శతాబ్దిలో శాసనములను చదివి అచ్చువేసిన పండితులలో పలువురు దానిని ‘ఓం’ అనియే చదివిరి. తరువాతి పండితులు పాత శాసనములను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ముందు ‘సిద్ధం’ అను అక్షరములున్న చోటనే తరువాత ఈ గుర్తు వచ్చుచున్నది గనుక ‘సిద్ధం’ అని చదువుట న్యాయమని నిర్ణయించిరి. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటములు తిరుగవేసినవారికి ఈ మార్పు తెలియును. శాసనపాఠము మొదట కొందరు ‘ఓం’ అని, కొందరు ‘సిద్ధం’ అని అచ్చువేసి, అడుగున ‘ఇది గుర్తుచే తెలుపబడినది’ అని వ్రాసిరి.

ఆ అడుగుమాట చిన్నది. కాని అందులో గొప్ప నిజాయితీ కలదు. ‘మేము అచ్చువేసినది రాతిమీద లేదు, రాతిమీద ఉన్నది అచ్చుపెట్టెలో లేదు’ అని ఆ పండితులు ఒప్పుకొనుచున్నారు. హుల్ట్‌జ్ పండితుడు 1890లో ‘దక్షిణ భారత శాసనముల’ మొదటి సంపుటమును వెలువరించెను. జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించిన తెలుగు శాసనములు అదే వరుసలో పదవ సంపుటముగా 1948లో వెలువడినవి. సీసపు అచ్చుల కాలములో ప్రతి చుట్టకును ఒక అచ్చును పోతపోయించుట సాధ్యమయ్యెడి పని కాదు. కనుక అడుగుమాటతో సరిపెట్టుకొనవలసివచ్చినది.

కంప్యూటరు కాలము వచ్చిన తరువాత ఈ చిక్కు వేరు రూపము దాల్చినది. కంప్యూటరు అక్షరము నెరుగదు, సంఖ్యనే యెరుగును. ప్రతి అక్షరమునకు, ప్రతి విరామచిహ్నమునకు లోకమంతట ఒకే సంఖ్య నుంచుటకు ఏర్పడిన పద్ధతి యూనికోడు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పులోనే తెలుగు లిపికి 128 గళ్ళ చోటు దొరికినది. ‘అ’కు 3077వ సంఖ్య. రేడియో గల ఇంటివారికి దీనిని వివరించుట కష్టము కాదు. ఒక కేంద్రమునకు నియతమైన సంఖ్య యుండును. ముల్లును ఆ సంఖ్యకు త్రిప్పినచో ఏ యింటి రేడియోలోనైనను ఆ కేంద్రమే పలుకును. పెట్టె పాతదా, క్రొత్తదా, చిన్నదా, పెద్దదా అనునది వేరు సంగతి. అట్లే 3077 అను సంఖ్య ఏ ఊరి కంప్యూటరునకు పంపినను అది ‘అ’ యే. దాని ఆకారమును చూపించు పని మాత్రము ఆ యంత్రములోని ఫాంటుది.

అయితే 1991 నాటి ఆ గళ్ళలో సిద్ధం గుర్తునకు చోటు లేదు. కేంద్రమునకు సంఖ్యయే లేనిచో ముల్లును ఎక్కడికని త్రిప్పుదుము? శాసనమును కంప్యూటరులో ఎక్కించువాడు ఆ చుట్టను చూచి మూడు దారులలో ఏదో యొకటి పట్టవలసివచ్చెను. మొదటిది, ఆకారములో పోలియున్న అంకెనో అక్షరమునో కొట్టుట. అది కంటికి సరిపోవచ్చును గాని యంత్రమునకు అబద్ధము చెప్పుట. శాసనము మొదట శుభము పలికినవాడు ఏడవ అంకె వ్రాసినాడని యంత్రము నమ్మును. రెండవది, ‘ఓం’ అనియో ‘సిద్ధం’ అనియో అక్షరములలో వ్రాయుట. అది చదువరికి అబద్ధము చెప్పుట. గుర్తు గీసినవాడు మాట వ్రాసెనని చదువరి నమ్మును; పైగా పండితులు వందేండ్లు వాదించిన విషయమును ఎక్కించువాడు ఒక మీటతో తీర్చివేసినట్లగును. మూడవది, గుర్తును చిత్రముగా అంటించుట. అది నిజమే గాని మూగది. ‘ఈ గుర్తు గల శాసనములన్నియు చూపుము’ అని యంత్రము నడిగినచో అది చిత్రములోనికి తొంగిచూడదు.

నాలుగవ దారి కూడ ఒకటి కలదు. అది అన్నిటికంటె సులభము. గుర్తును వదలివేయుట. ‘అది శాసనములో భాగమా? అలంకారమే గదా!’ అనుకొనుట. వ్రాతప్రతులనుండి విరామచిహ్నములు, అంకెలు, గుర్తులు జారిపోవునది ఇట్లే. ప్రతి వ్రాయువానికి చెడుతలంపు లేదు. అతనికి చేతిలో సాధనము లేదు.

ఈ లోపము క్రమక్రమముగా తీరినది. 2015లో యూనికోడు ఎనిమిదవ కూర్పున దేవనాగరి సిద్ధం గుర్తునకు సంఖ్య వచ్చినది. 2018లో పదునొకండవ కూర్పున కన్నడమునకు, 2019 మార్చిలో పండ్రెండవ కూర్పున తెలుగునకు వచ్చినవి. తెలుగు సిద్ధం గుర్తు సంఖ్య 3191. కంప్యూటరువారి పదహారు అంకెల లెక్కలో 0సి77. విరామచిహ్నముల తరగతిలో దీనిని చేర్చిరి. ఈ పుటలో అచ్చువేయించిన దాని రూపము ఇది: ౷. రెండేండ్ల తరువాత, 2021లో, మన పాత అచ్చుపుస్తకములలోని నకారప్పొల్లు కూడ ప్రత్యేకముగా తన సంఖ్యను పొందినది.

ఇచ్చట ఒక చమత్కారము కలదు. పద్యపాదము తుదను నిలుపు దండమునకు యూనికోడులో లిపిలిపికి వేరు సంఖ్య లేదు. దేవనాగరి గళ్ళలోని 2404వ సంఖ్యనే తెలుగు మొదలైన లిపులును వాడుకొనవలెను. సిద్ధం గుర్తునకు మాత్రము తెలుగునకు ఒకటి, కన్నడమునకు ఒకటి యిచ్చిరి. మరి తెలుగు, కన్నడ లిపులు ఒకటిగా నున్న కాలపు రాగిరేకుమీది చుట్ట ఏ సంఖ్యకు చెందును? చెక్కినవానికి ఈ భేదము తెలియదు. తెలుగు లిపిలో పాఠమును ఎక్కించువాడు తెలుగు సంఖ్యను, కన్నడములో ఎక్కించువాడు కన్నడ సంఖ్యను వాడుటయే దారి. కాని తాను ఏది వాడెనో, ఏల వాడెనో అతడు ఒక అడుగుమాటలో చెప్పవలెను. యంత్రము వచ్చినను అడుగుమాట అవసరము పోలేదు.

‘ఇంత చిన్న చుట్టకు ఇంత ప్రయాస యేల? దీనిని వాడువారు ఎందరు?’ అని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. దీనిని వాడువారు కొందరు శాసనపరిశోధకులు, కొందరు వ్రాతప్రతుల పరిష్కర్తలు, అంతే. పండుగ శుభాకాంక్షలలో ఎవరును దీనిని పంపుకొనరు. అయినను మేము నాగార్జునకొండను తలచుకొందుము. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఆనకట్ట నీరు ఆ లోయను కప్పకమునుపే పురాతత్త్వశాఖవారు త్రవ్వకములు జరిపి, దొరికిన శిల్పములను, శాసనములను కొండమీదికి చేర్చిరి. ఆ కొండ నేడు ద్వీపము; అచ్చట ప్రదర్శనశాల కలదు. కాని ఆ స్తంభములు పదునారు పదునేడు శతాబ్దులు నిలిచిన నేల నీటి అడుగున నున్నది. మిగిలినవి రాళ్ళు, వాటి ప్రతులు. ఆ రాళ్ళను చూచుటకు పడవ యెక్కి పోవువారు ఎందరు? ప్రతులను చదువువారే యెక్కువ. రాబోవు కాలమున ప్రతులను చదువువారందరును వాటిని కంప్యూటరులోనే చదువుదురు. ప్రతిలో లేనిది వారికి రాతిమీదను లేనట్లే.

సరిగా ఎక్కించిన ప్రతులున్నచో ఎంతటి పని జరుగునో చూడుడు. ఏ శాసనములలో మాటగా, ఏ శాసనములలో గుర్తుగా, ఏ శాసనములలో ఈ రెండును లేక ‘స్వస్తి శ్రీ’ అను ఆరంభము మాత్రమే కలదో లెక్కింపవచ్చును. కృష్ణాతీరమున మాట గుర్తుగా ఎప్పుడు మారెనో, గోదావరీతీరమున ఎప్పుడు మారెనో వెదకవచ్చును. ఒకే లేఖకుల కుటుంబము చెక్కిన రాగిరేకులను వారి చుట్ట తీరునుబట్టి గుర్తుపట్టవచ్చునేమో ప్రయత్నింపవచ్చును. దీనికి ఒక పండితుని జీవితకాలము చాలని రోజులు పోయినవి. ప్రతులు నిజము చెప్పినచో ఒక విద్యార్థి ఒక సెలవులలో చేయదగిన పని ఇది.

అయితే సంఖ్య వచ్చినంతనే గుర్తు బ్రతికినట్లు కాదు. కేంద్రము ప్రసారము చేయుచున్నను ఆ బాండు లేని రేడియో పలుకదు గదా! ఈ వ్యాసమును ఎవరైనను ఫోనులోనికి ఎక్కించి స్నేహితునికి పంపినపుడు, ఆ ఫోను ఫాంటులో ఈ గుర్తు లేనిచో పైన చూపిన చోట ఒక ఖాళీ గడి మాత్రము కనబడును. 2019కి పూర్వము ఏర్పడిన మీటల అమరికలలో దీనికి మీట యుండదు. ఖాళీ గడిని చూచినవాడు తప్పుపడినదని తలచి దానిని చెరిపివేయును. ఫాంటులు చేయువారు, మీటల అమరికలు కూర్చువారు ఈ గుర్తును చేర్చుట మొదటి పని. ప్రతులెక్కించువారికి దీని పేరు, సంఖ్య తెలిసియుండుట రెండవ పని. ఊరి గుడిలోని శాసనమును ఫోటోతీసి, దాని పాఠమును ఉత్సాహముతో అందరికి పంచు యువకులు నేడు చాలమంది యున్నారు. మేము ముఖ్యముగా వారినే వేడుకొనుచున్నాము. మొదటి పంక్తికి ఎడమవైపున చుట్టవంటిది ఏదైన యున్నదేమో ఒకమారు వ్రేలితో తడవి చూడుడు. ఉన్నచో దానిని వదలకుడు. దానికి ‘ఓం’ అని పేరుపెట్టకుడు. ౷ అని ఎక్కించి ముందుకు సాగుడు.

ఈ ప్రసంగమును చదువునపుడు మాకే ఒక సందేహము కలిగినది. కాగితము మీద ఈ గుర్తును చూపితిమి. మైక్రోఫోను ముందు దీనిని ఏమని పలుకవలెను? అల్బెరూనీకి చెప్పినవారు ‘ఓం’ అనియుందురు. నాగార్జునకొండ స్తంభము నిలిపిన ఆ యిల్లాలు ‘సిధం’ అనియుండును. మేము ఆలోచించి ‘సిద్ధం’ అని పలికితిమి. మీ యింట ఈ యేడు అక్షరాభ్యాసము జరుగునేని, పిల్లవాడు ‘సిద్ధం నమః’ దగ్గర వ్రేలు ఆపి ఇది యేమి యని మీవైపు చూచినచో, ‘నీవు నేర్వబోవు అక్షరములు నీకు ముందే యున్నవి, వానికి నమస్కారము’ అని చెప్పుడు. తరువాత ఆ బియ్యములోనే ఒక చుట్ట గీసి చూపుడు.